తీతువుల పక్షాన

ఆమె పోయిందని ఆమె కూతురు ఫోను చేసినప్పుడు నేను ఖమ్మంలో బండికి పంక్చరు వేయించుకుంటున్నాను.

"అన్నా, అమ్మ పోయింది. రేపు పదింటికి భూస్థాపన. నీకు చెప్పకపోతే బాగుండదని చేసిన," అంది. గొంతులో ఏడుపు లేదు. ఆ ఇంట్లో వాళ్ళ గొంతులే అంత. పంక్చరు వేసే అతను రెండుసార్లు పిలిచాక గానీ నేను ఈ లోకంలోకి రాలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒకసారి పేపరు విలేకరి ఒకాయన వచ్చి ఫోటో తీస్తానంటే, "పిట్టది తీసుకపో, నా మొకం ఎందుకు నీకు" అని తువాల అడ్డం పెట్టుకున్న మనిషి. బతికి ఉన్నప్పుడు వద్దన్నది పోయాక చేస్తే ఎక్కడున్నా ఊరుకోదు.

దమ్మపేట దాటాక, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, విమానాలు నడపడం నేర్పే ప్రైవేటు స్కూలు ఒకటి ఉండేది. ఇద్దరిద్దరు పట్టే చిన్న విమానాలు నాలుగు. ఒకే ఒక తారు రన్‌వే. దానికి రెండు పక్కలా కంకర, కంకర దాటితే గడ్డి, గడ్డి దాటితే ఇనుప జాలి, జాలి అవతల టేకు, తునికి, ఇప్ప చెట్లు. నేను అక్కడ రేడియో గదిలో పనిచేసేవాణ్ణి. పైన ఎగిరే వాళ్ళకీ కింద ఉన్న వాళ్ళకీ మధ్య మాట చేరవెయ్యడం నా పని. కింద ఉన్న వాళ్ళంటే ముఖ్యంగా ఆమె.

రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'ఫీల్డ్ హెల్పర్' అని ఉండేది. విమానం లేచే ముందు, దిగే ముందు రన్‌వే మీద ఏమీ లేదని చూసి చెప్పాలి. ఏమన్నా ఉంటే తోలాలి. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకి తువాల, చేతిలో పొడుగాటి వెదురు కర్ర, నడుముకి వాకీటాకీ. కంపెనీ వాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఇచ్చారు. వాటిని జాలి స్తంభానికి తగిలించి, మామూలు చెప్పులతో తిరిగేది. పాములుంటాయి కదా అంటే, "బూటు ఏసుకుంటే కాలికింద ఏమున్నదో కాలికి ఎర్క కాదు తమ్మి. నేను చూసుకునేది పాముల్ని కాదు, గుడ్లని," అంది.

ఎవరు ఏ పని చెప్పినా ఆమె నోటి నుంచి మొదట వచ్చే మాట, "ఎవలు చెప్పిండ్రు?" అన్నదే. అది ప్రశ్న కాదు. చెప్పిన వాళ్ళు ఎవరైనా ఆ పని చెయ్యాలో వద్దో తానే తేల్చుకుంటుందని అర్థం. మేనేజరుగారు గేటు దగ్గర గడ్డి పీకమన్నా, నేను టీ తాగమన్నా అదే మాట. టీ మాత్రం తాగేది.

నేను చేరిన మొదటి వారం వాకీటాకీలో ఆమె గొంతు వినిపించింది: "తమ్మి, కంట్రాక్టరు పిల్లలతోని రన్‌వే దాటుతున్నడు. ఇమానం ఆపు."

నేను బయటికి పరుగెత్తి చూశాను. కంట్రాక్టరు ఎవరూ లేరు. ఒక అడవిపంది, దాని వెనక ఐదు పిల్లలు, తోకలు నిలబెట్టుకుని వరసగా పోతున్నాయి. ఆ రోజు తెలిసింది, ఆమె దగ్గర అన్నిటికీ పేర్లున్నాయని. అడవిపంది కంట్రాక్టరు. నక్క సర్పంచి. పురి విప్పి తారు మీద తిరిగే నెమళ్ళు కొత్త పెళ్ళికొడుకులు. కంకరలో గుడ్లు పెట్టే తీతువు పిట్టలు వాచ్‌మెన్లు. ఎవరు కనపడినా ముందు అవే గోల పెడతాయి కాబట్టి ఆ పేరు.

కెప్టెన్‌గారు అని పాఠాలు చెప్పే ఆయన ఉండేవారు. సికింద్రాబాదు మనిషి, సైన్యంలో చేసి రిటైరయ్యారు. మొదట్లో ఈ పేర్లు విని చిరాకు పడ్డారు. "బర్డ్ అంటే బర్డ్ అను, పిగ్ అంటే పిగ్ అను, ఇదేం నాటకం," అని నా మీద విసుక్కున్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆకాశంలోంచి ఆయనే, "గ్రౌండ్, కంట్రాక్టర్ వెళ్ళిపోయాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ రన్‌వే తూర్పు కొస ఉన్న చోట ఒకప్పుడు ఆమెది ఎకరంన్నర పత్తి చేను. స్థలం తీసుకున్నప్పుడు ఇంటికొక ఉద్యోగం అన్నారు. భర్త అప్పటికే లేడు, కూతురు చదువుకుంటోంది, ఆమే చేరింది. మధ్యాహ్నం అన్నం క్యాంటీన్‌లో తినేది కాదు. తూర్పు కొసకి నడిచి వెళ్ళి, జాలికి వీపు ఆనించి, రన్‌వే వైపు తిరిగి కూర్చుని తినేది. నేను కూడా కొన్నాళ్ళకి నా టిఫిను డబ్బా అక్కడికే తీసుకెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

తీతువు గుడ్డు ఎలా ఉంటుందో నాకు అక్కడే చూపించింది. "చూడు, నీ కాలుకు జానెడు దూరంల ఉన్నయి," అంది. ఎంత చూసినా కంకరే. ఆమె కర్ర కొసతో గాలిలో ఒక సున్నా చుట్టింది. అప్పుడు కనపడ్డాయి. నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిరిగి ఉన్నాయి. గూడు లేదు, పుల్ల లేదు. చిన్న గుంట, చుట్టూ ఏరి పెట్టినట్టు గులకరాళ్ళు, అంతే. పైన రెండు పిట్టలు మా తలలు తన్నేంత కిందకి దిగి అరుస్తున్నాయి. ఒకటి కాసేపటికి దూరంగా వాలి, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోయింది.

"పాపం, దెబ్బ తగిలినట్టుంది," అన్నాను.

"తగల్లే, ఏం తగల్లే. నిన్ను ఎంటబడి రమ్మని చేస్తంది. నువ్వు దాని ఎంట పోతే గుడ్లకు దూరమైతవ్ గద."

ఎండలు ముదిరాక ఇంకొకటి చూపించింది. విమానాలు కడిగే చోట నిలిచిన నీళ్ళలో తీతువు పొట్ట ఆనించి కూర్చునేది. తడిసిన ఈకలతో ఎగిరి వచ్చి గుడ్ల మీద వాలేది. కంకర కాలిపోతుంటే గుడ్లు ఉడికిపోకుండా అలా తడుపుతాయట. ఆడది లేస్తే మగది, మగది లేస్తే ఆడది. "మా ఇంటాయన బతికున్నప్పుడు గూడ ఇంత పని చెయ్యలే," అని నవ్వింది. ఆమె నవ్వడం తక్కువ. నవ్వితే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు.

హాస్టల్లో పిల్లలకు తీతువు అరుపంటే భయం. అది ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుందని ఊళ్ళలో అంటారు కదా. ఎవరో ఆ మాట అంటే ఆమె కర్ర నేలకి ఆనించి నిలబడి చెప్పింది: "అది అరిస్తే మనుషులు పోయేటట్టయితే మా వాడల ఒక్కలు మిగలకపోదురు. దాని పిల్లల కోసం అది అరుస్తది. మీకు భయమైతే చెవులు మూసుకోండి."

ఒకసారి వానాకాలంలో కొండచిలువ ఒకటి వచ్చి, హ్యాంగరు నుంచి రన్‌వేకి పోయే దారికి అడ్డంగా పడుకుంది. అందరూ ఫోన్లు తీశారు. ఆమె అందరినీ లోపలికి పొమ్మని, దానికి పది గజాల దూరంలో గొంతుక్కూర్చుంది. గంటన్నర విమానాలు ఆగిపోయాయి. కెప్టెన్‌గారు గడియారం చూపిస్తే, "అది తిన్నది ఏదో అరిగే దాంక లేవదు సారూ. మీరు అన్నం తిని లేస్తరా, తింటనే ఉరుకుతరా?" అంది. జాలి అడుగున ఆమె చేత్తో ఎత్తి పట్టుకున్న సందులోంచి అది అడవిలోకి పోయాకే మమ్మల్ని బయటికి రానిచ్చింది.

ఇవన్నీ చెబితే ఆమెకి మనుషుల కన్నా జంతువులే ఎక్కువనిపిస్తుంది. అది నిజం కాదు. ఎందుకు కాదో ఒక ఎండాకాలం చూశాను.

ఒక ఉదయం ఒక ఆడపిల్ల మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగుతోంది. చక్రాలు తారుకి తాకబోతుండగా కంకరలోంచి తీతువు ఒకటి లేచి ముందు అద్దానికి కొట్టుకుంది. విమానం పక్కకి ఊగి, గడ్డిలోకి దిగి ఆగిపోయింది. ఆమె పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. మేం జీపులో చేరేసరికి తలుపు తీసి ఆ పిల్లని కిందకి దింపేసింది. దెబ్బలేం లేవు కానీ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె తన చొక్కా విప్పి ఆ పిల్ల భుజాల మీద కప్పి, తలని తన ఒడిలోకి లాక్కుంది. "ఏం కాలే బిడ్డా, నేల మీదనే ఉన్నవ్. ఇగో, చేత్తోని ముట్టుకో, గడ్డి," అంటూ ఆ పిల్ల అరచెయ్యి గడ్డికి ఆనించి పట్టుకుంది. చాలాసేపటి తర్వాత లేచి, చచ్చిన పిట్టని కొంగులో పెట్టుకుని తూర్పు కొసకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరుగారు అందరినీ హ్యాంగరు ముందు నిలబెట్టారు. ఆయనది సత్తుపల్లి, వాళ్ళ తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. చెడ్డమనిషి కాదు. రాత్రంతా ఆ పిల్ల తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"కంకరలో ఉన్న గుడ్లన్నీ ఈ పూటే ఏరి అవతల పారెయ్యాలి. పిల్లల ప్రాణాలతో ఆటలాడలేం. ఎక్కడెక్కడున్నాయో నువ్వు చూపించు," అన్నారు ఆమెతో.

"చూపియ్య," అంది ఆమె.

"చూపియ్యవా? నిన్న ఏం జరిగిందో చూశావు కదా."

"చూసిన. మీ కంటే ముందల చూసిన. ఆ పిల్ల పాణం నాకు తక్కువనా? నే చెప్పేది ఇనండి సారూ. గుడ్లు తీస్తే అది ఊకోదు, మల్ల పెడ్తది. తీసిన్నన్నిసార్లు పెడ్తది. ఎండాకాలం అంతా ఈడనే తిరుగుతది, రందితోని అరుస్తది, ఎగుర్తది. ఇడిసిపెడితే నెల తిరక్కముందు పిల్లలొస్తయి, ఎంటేసుకోని గడ్డిలకు పోతది. తారు పక్కన ఉన్నయి రెండే. ఆటిని నేను మెల్లగ జరుపుత. నాకు జెర టైమియ్యండి."

"పక్షులతో బేరాలాడటానికి టైము లేదమ్మా. వారంలో విమానాల శాఖ వాళ్ళు తనిఖీకి వస్తారు. చూపిస్తావా లేదా?"

"చూపియ్య."

"ఉద్యోగం పోద్ది."

"మా చేను పోయినప్పుడు గూడ గిట్లనే నిలబడి చెప్పిండ్రు. పోనియ్యండి."

వాకీటాకీ తీసి నాకిచ్చింది. కర్ర మాత్రం తనదే కాబట్టి పట్టుకుని గేటు దాటి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కూలీలు నలుగురు మధ్యాహ్నం దాకా కంకర అంతా తిరిగారు. పిట్టలు నెత్తి మీద అరుస్తూనే ఉన్నాయి. ఒక్క గూడు దొరికింది, అది కూడా ఒకతని కాలికింద పడి చితికాక. అప్పుడు మేనేజరుగారు రేడియో గదికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి, "రోజూ ఆమెతో కూర్చుని తింటావు కదా. నీకు తెలుసు," అన్నారు.

నాకు తెలుసు. ఆ చితికింది కాక ఇంకా తొమ్మిది చోట్లు తెలుసు. కొత్తగా పెళ్ళయిన రోజులు, సత్తుపల్లిలో కిరాయి ఇల్లు, ఆ ఉద్యోగం తప్ప ఇంకొకటి లేదు. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే కారణాలు. అప్పుడు నేనేం ఆలోచించలేదు. లేచి ఆయన వెంట వెళ్ళి మూడు చూపించాను. మిగతావి తెలియవన్నాను. కూలీ ఒకడు గుడ్లు బకెట్లో వేసుకున్నాడు. పైన పిట్టలు నన్ను కూడా వదల్లేదు, రేడియో గది గుమ్మం దాకా తరుముకుంటూ వచ్చాయి.

తర్వాత అంతా ఆమె చెప్పినట్టే జరిగింది. గుడ్లు పోయిన పిట్టలు పది రోజులు తిరక్కుండా మళ్ళీ పెట్టాయి, ఈసారి ఇంకా దగ్గరగా, తారు అంచున. పొద్దున ఎప్పుడు చూసినా ఆకాశంలో అవే. తనిఖీకి వచ్చినవాళ్ళు రన్‌వే చూసి తలలు ఊపి, పక్షుల సంగతి సరిచేశాక కబురు చెయ్యమని వెళ్ళిపోయారు. ఆమె చోట పెట్టిన మనిషి టపాకాయలు పేల్చేవాడు. నెమళ్ళు భయపడి అడవి వైపు పోవాల్సింది పోయి, రన్‌వే మీదికే ఎగిరేవి. ఒక రోజు కెప్టెన్‌గారు విమానం తాళాలు తెచ్చి మేనేజరుగారి బల్ల మీద పెట్టి, "ఈ పరిస్థితిలో నేను ఏ పిల్లనీ ఒంటరిగా పంపను," అన్నారు. అక్కడి నుంచి తిన్నగా జీపు దగ్గరికి వచ్చి, నన్ను ఎక్కమన్నారు.

ఆమె ఒక పామాయిల్ తోటలో గెలలు మోస్తోంది. గెల ముళ్ళు గుచ్చుకుని రెండు అరచేతులకీ గుడ్డలు చుట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి గెల దించింది.

"వాచ్‌మెన్లు మా మాట వినడం లేదమ్మా," అన్నారు కెప్టెన్‌గారు.

"మీరు వాటి మాట ఇన్నరా?" అంది. నా వైపు తిరిగింది. "ఎన్ని చూపిచ్చినవ్?"

నేను చెప్పకముందే ఆమెకి తెలుసు. ఆ కూలీల్లో ఆమె వాడ వాళ్ళున్నారు. "మూడు," అన్నాను. నేల వైపు చూస్తూ అన్నాను.

"తొమ్మిదిట్ల మూడు," అని లెక్క వేసుకుంది. "ఆరు దాసినవ్."

తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. జీపులో నా పక్కనే కూర్చుని వచ్చింది.

మేనేజరుగారు ఒక కాగితం, పెన్ను ముందుకు తోశారు. జరిగినదానికి క్షమించమని, ఇకపై పై వాళ్ళ మాట వింటానని రాసి సంతకం పెట్టమన్నారు. ఆమె మిషను బడిలో ఏడో తరగతి దాకా చదువుకుంది. చేతి గుడ్డలు విప్పి, నిలబడే, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ కాగితం నేను చదివాను. ఇలా ఉంది: "నేను గుడ్ల జాగాలు చూపియ్యలేదు. ఇక మీద గూడ చూపియ్యను. పనిలకు రమ్మని జీపు పంపిండ్రు కాబట్టి వచ్చిన." కింద సంతకం.

మేనేజరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత ఫైలులో పెట్టుకున్నారు. ఏం రాసి ఉన్నా కింద సంతకం ఉంటే చాలు అనుకుని ఉంటారు.

ఆమె అడిగినవి రెండు. క్యాంటీన్ ఎంగిళ్ళు రన్‌వే చివర గుంటలో పోయడం ఆపాలి, వాటి కోసమే గద్దలూ కుక్కలూ వస్తున్నాయి. గుడ్లు పిల్లలయ్యేదాకా కంకర మీదికి ట్రాక్టరు గాని, మనిషి గాని రాకూడదు. రెండూ ఒప్పుకున్నారు.

తారు అంచున ఉన్న గూళ్ళని జరపడం నేను దగ్గరుండి చూశాను. ఉన్నచోటు నుంచి మూరెడు దూరంలో అలాంటి గుంటే చేసేది. పాత గుంట చుట్టూ ఉన్న గులకరాళ్ళనే ఒక్కొక్కటీ తెచ్చి పేర్చేది. గుడ్లు ఎలా ఉన్నాయో అలాగే, కొసలు లోపలికి పెట్టి, దూరంగా వచ్చి కూర్చునేది. పిట్ట పాత చోట వాలి, అటూ ఇటూ తిరిగి, మెడ ఎత్తి అరిచి, చివరికి నడుచుకుంటూ వెళ్ళి కొత్త చోట కూర్చునేది. అది కూర్చుంటేనే ఆమె లేచేది. మర్నాడు ఇంకో మూర. అలా తారు అంచు నుంచి గడ్డి దాకా. ఒక జంట మాత్రం ఒప్పుకోలేదు. రెండో రోజే గుడ్లు వదిలేసి వెళ్ళిపోయింది. "ఎక్కువ జరిపిన. తప్పు నాదే," అని ఆ పూట అన్నం మూత కూడా తియ్యలేదు.

గుడ్లలోంచి పిల్లలు బయటికి వచ్చిన రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. కెప్టెన్‌గారు ఒక విద్యార్థితో దిగడానికి వస్తున్నారు. మేనేజరుగారు ఆ వేళకి రేడియో గదిలో నా వెనక ఉన్నారు. వాకీటాకీ పలికింది: "తమ్మి, వాచ్‌మెన్ పిల్లలు తారు ఎక్కినయి. నాలుగు. ఒక్క చుట్టు తిరిగి రమ్మను."

"పిట్టపిల్లల కోసం విమానాన్ని తిప్పుతారా? పెట్రోలు ఎవడబ్బది? దింపమను," అన్నారు మేనేజరుగారు.

కిటికీలోంచి చూశాను. నిమ్మకాయలంతవి నాలుగు, పొడుగు కాళ్ళతో తారు మధ్యలో ఉన్నాయి. వాటి వెనక ఆమె, పశువుల వెనక నడిచినట్టు, ఏ తొందరా లేకుండా నడుస్తోంది. విమానం వస్తున్న వైపు తలెత్తి చూడను కూడా లేదు. దిగనివ్వను అని నాకు కాదు, విమానానికి కాదు, నా వెనక నిలబడ్డ ఆయనకే చెబుతున్నట్టుంది ఆ వీపు.

నేను మైకు నొక్కాను. "రన్‌వే మీద మనిషి ఉంది సార్. దిగొద్దు. గో అరౌండ్."

"కాపీ, విన్నా," అన్నారు కెప్టెన్‌గారు. విమానం మా పైనుంచి గర్జిస్తూ పైకి లేచిపోయింది. మేనేజరుగారి చెయ్యి నా కుర్చీ వీపు మీద బిగుసుకుంది. నేను వెనక్కి తిరగలేదు. రిజిస్టరు తీసి టైము రాసుకున్నాను.

నాలుగు పిల్లలూ గడ్డిలోకి దిగాక ఆమె గొంతు వినిపించింది. "అవ్, ఇగ రమ్మను."

ఆ ఎండాకాలం తర్వాత ఇంకో పిట్ట ఏ విమానానికీ తగల్లేదని చెప్పలేను. తరవాతి ఏడు ఒక గువ్వ తగిలింది. కానీ ఎవరూ మళ్ళీ గుడ్లు ఏరమనలేదు. కొన్నేళ్ళకి స్కూలు ఇంకో రాష్ట్రానికి తరలిపోయింది. నేను ఖమ్మం వచ్చేశాను. ఆమెకి షుగరు ముదిరింది, కాలి వేళ్ళు రెండు తీసేశారు. చూడ్డానికి వెళితే డాక్టరు అన్నం తగ్గించమన్నా వినడం లేదని కూతురు ఫిర్యాదు చేసింది. ఆమె నా ముందే ఇంకో ముద్ద ఎక్కువ పెట్టుకుని తింది.

భూస్థాపనకి నేను వెళ్ళేసరికి పెట్టె సమాధుల తోటలో దించి ఉంది. వాడ వాళ్ళు, పామాయిల్ తోట కూలీలు, ఒకప్పటి క్యాంటీన్ మనుషులు ఇద్దరు. కెప్టెన్‌గారు మోకాళ్ళ ఆపరేషనుతో రాలేకపోయారు. సత్తుపల్లి నుంచి మేనేజరుగారు వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. నన్ను చూసి తలూపి, వెనక వరసలో నిలబడ్డారు.

పాస్టరుగారు ఆ సంఘానికి కొత్త, వయసులో చిన్నవాడు. ఆమెని మంచం పట్టాకే చూసి ఉంటాడు. కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి మొదలుపెట్టాడు.

"ప్రభువా, ఈ సహోదరి సాత్వికురాలు. తన జీవితకాలమంతా ఎవరినీ ఎదిరించి ఎరగదు. పెద్దలు ఏ మాట చెప్పినా తల వంచి..."

"కాదయ్యగారూ," అంది కూతురు.

ఆయన కళ్ళు తెరిచాడు. కూతురు పెట్టె తలవైపు నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"మా అమ్మ తల వంచలే. చానా మందిని ఎదిరించింది. ప్రార్థనల అబద్ధం వద్దు."

ఎవరో ముసలమ్మ, "ఊకో బిడ్డా, ఇయ్యాల గట్ల అనొద్దు," అని చెయ్యి పట్టుకోబోయింది. కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. పాస్టరుగారు ఏం చెయ్యాలో తెలియక సంఘ పెద్దల వైపు చూశాడు. వాళ్ళు మట్టి వైపు చూస్తున్నారు.

వెనక వరసలోంచి మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు.

"నిజమేనండి," అన్నారు. "నన్ను ఎదిరించింది. ఒకసారి కాదు."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి పట్టుకుని నిలబడ్డారు.

పాస్టరుగారు బైబిలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చూసుకుంటూ మొదలుపెట్టాడు.

"ప్రభువా, నీ దాసురాలు చాలామందిని ఎదిరించింది..."

కూతురు అప్పుడు కళ్ళు మూసుకుంది.